ఎవరి వస్తువులు, ఎవరి గది

మ్యూజియం అంటే మా వాళ్ళకు తెలిసింది సాలార్‌జంగ్ ఒక్కటే. పల్లె నుంచి చుట్టాలొస్తే చార్మినార్, జూ, ఆ తర్వాత సాలార్‌జంగ్. గంట కొట్టే గడియారం ముందు కాసేపు, ముసుగేసుకున్న పాలరాతి రెబెకా ముందు కాసేపు నిలబడి, బయటికొచ్చి మిర్చి బజ్జీలు తిని బస్సెక్కేవాళ్ళు. 1951లో తెరిచిన ఆ మ్యూజియం నిండా ఒక దివాన్ ఖాందాన్ పోగేసిన వస్తువులే. 2000లో పురానీ హవేలీలో తెరిచిన నిజాం మ్యూజియంలో ఉన్నవి ఒక రాజు సిల్వర్ జూబిలీకి వచ్చిన కానుకలు. రెండూ చూడదగ్గవే. కానీ చూసి బయటికొచ్చిన మిత్రుడు మా భుజం మీద చెయ్యేసి, "ఎంతైనా ఏలినోళ్ళు కదా మీరు" అంటాడు. మా దాదాకు గుర్రం లేదు, గుర్రాలకు నాలాలు కొట్టే పని ఉండేది. దూదేకుల విల్లు, గాజుల మలారం, దర్జీ కత్తెర, బీడీల చాట ఏ అద్దాల బీరువాలోనూ లేవు. మేం ఏలిన సంగతి అందరికీ గుర్తుంది. మేం బతికిన సంగతి ఎక్కడా రాసి లేదు.

ఈ మాట మనసులో ఉన్నందువల్లే కాబోలు, ఎక్కడో ఆస్ట్రేలియాలో, ఒకప్పటి బంగారు గనుల ఊళ్ళో చూసిన చీనావాళ్ళ మ్యూజియం ఇంకా మమ్మల్ని వదలడం లేదు.

ఆ ఊరు బెండిగో. విక్టోరియా రాష్ట్రంలో, మెల్‌బోర్న్ నుంచి రైల్లో రెండు గంటల దారి. మా ఖాలా కొడుకు మెల్‌బోర్న్‌లో కంప్యూటర్ ఉద్యోగం చేస్తాడు. "భాయిజాన్, బంగారు గని లోపలికి దిగుదాం రండి" అని తీసుకెళ్ళాడు. గని చూశాం. కానీ మేం ఎక్కువసేపు ఉన్నది బ్రిడ్జ్ స్ట్రీట్‌లో ఉన్న గోల్డెన్ డ్రాగన్ మ్యూజియంలో. ఒకప్పటి చీనావాళ్ళ వాడ అంచునే ఉందది. 1991లో తెరిచారు. గుండ్రటి హాలు గోడ వెంట పాము చుట్ట చుట్టుకున్నట్టు డ్రాగన్లు ఉంటాయి. అందులో పెద్ద ముసలిది 'లూంగ్'. 1892లో ఆ ఊరి ఈస్టర్ ఊరేగింపులో మొదటిసారి నడిచింది. ప్రపంచంలో మిగిలిన డ్రాగన్లలో అతి పాతవాటిలో ఒకటంటారు. దాని తర్వాతది 'సన్ లూంగ్', 1970లో వచ్చింది, వంద మీటర్ల పొడుగు. అది పాతబడితే 2019లో 'దాయ్ గమ్ లూంగ్' వచ్చింది. దాయ్ గమ్ అంటే పెద్ద బంగారం. చీనావాళ్ళు బెండిగోకు పెట్టుకున్న పేరు దాయ్ గమ్ సాన్, పెద్ద బంగారు కొండ.

బంగారు కొండ అని పేరు పెట్టుకున్న వాళ్ళకు అక్కడ దొరికిందేమిటో కాస్త చెప్పుకోవాలి. లేకపోతే డ్రాగన్ బొమ్మ మాత్రమే మిగులుతుంది.

1851లో విక్టోరియాలో బంగారం దొరికింది. ప్రపంచం నలుమూలల నుంచీ జనం పరుగెత్తారు. దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డాంగ్ ప్రాంతం నుంచి రైతుబిడ్డలు, చాలామంది అప్పు చేసి ఓడెక్కి వచ్చారు. 1857 జనాభా లెక్కల నాటికి విక్టోరియాలో వాళ్ళు 25 వేల పైచిలుకు. తెల్లవాళ్ళు పనికిరాదని వదిలేసిన మట్టిని మళ్ళీ కడిగి అందులో మిగిలిన బంగారం తీసుకునేవాళ్ళు. కూరగాయలు పండించి ఊరికంతా అమ్మేవాళ్ళు. అదే నేరమైంది. 1854లోనే బెండిగోలో వాళ్ళను తరిమేయాలని తెల్ల గనివాళ్ళు పిలుపిచ్చారు. 1855లో విక్టోరియా ప్రభుత్వం చట్టం చేసింది. ఓడ దిగే ప్రతి చీనావాడి తల మీద పది పౌండ్ల పన్ను. పది టన్నుల ఓడ బరువుకు ఒక్క చీనావాడినే ఎక్కించాలి. బ్రిటిష్ వాడికి, జర్మన్ వాడికి, అమెరికన్‌కు ఇలాంటి పన్ను లేదు.

అప్పుడు ఓడ కెప్టెన్లు పక్క కాలనీ అయిన సౌత్ ఆస్ట్రేలియాలో రోబ్ అనే చిన్న రేవులో వాళ్ళను దింపేయడం మొదలుపెట్టారు. పదహారు వేల మందికి పైగా అలా దిగారు. అక్కడి నుంచి కావడి భుజానేసుకుని, నాలుగు వందల కిలోమీటర్లకు పైగా, ఒకరి వెనక ఒకరు బారులు తీరి నడిచారు. అలా నడుస్తున్న ఒక గుంపుకే 1857లో దారిలో బంగారం తగిలింది. ఆ చోటే ఇవాళ అరారాట్ అనే పట్నం. అదే ఏడాది జూలై 4న బక్‌లండ్ నది దగ్గర తెల్ల గనివాళ్ళు రెండు వేల మంది దాకా చీనావాళ్ళను గుడారాలు తగలబెట్టి తరిమేశారు. ప్రాణాలు పోయాయి. 1860-61లో న్యూ సౌత్ వేల్స్‌లోని లాంబింగ్ ఫ్లాట్‌లో మళ్ళీ అదే జరిగింది.

ఇన్ని జరిగాక కూడా బెండిగో చీనావాళ్ళు ఊరి పండుగలో చేరారు. ఆశ్చర్యం అదే. 1871లో అక్కడ ఈస్టర్ జాతర మొదలైంది, ఊరి ఆసుపత్రికీ అనాథాశ్రమానికీ చందాలు పోగేయడానికి. 1870లు దాటకముందే చీనావాళ్ళ ఊరేగింపు అందులో భాగమైంది. పట్టు బట్టలు, జెండాలు, బాజాలు చైనా నుంచి ఖర్చు పెట్టి తెప్పించారు. జనం ఎగబడి చూశారు. డబ్బు ఆసుపత్రికి వెళ్ళింది. క్రైస్తవుల పండుగ, చీనావాళ్ళ డ్రాగన్, అందరి ఆసుపత్రి. వినడానికి ఎంత బాగుంది!

మాకు వెంటనే పీర్ల పండుగ గుర్తొచ్చింది. తెలంగాణ పల్లెల్లో పీర్లెత్తేది ముస్లింలొక్కరే కాదు. గౌడ్లు, ముదిరాజులు, మాదిగలు, గొల్లలు, ఎవరికి పీరు పూనితే వాళ్ళే ఎత్తుతారు. అలావ చుట్టూ ఆడతారు. మలీద ముద్దలు కడతారు, ఊదు వేస్తారు. ముస్లిం ఇల్లు ఒక్కటీ లేని ఊళ్ళో కూడా పీర్ల కొట్టం ఉంటుంది. సెక్యులర్ మిత్రులు సభల్లో ఈ మాట తప్పకుండా చెబుతారు. మేం కూడా చాలా వ్యాసాల్లో రాశాం. రాసింది అబద్ధం కాదు. కానీ పీరును భుజాన మోసిన చెయ్యి, పీరు కూర్చోబెట్టిన ముజావర్ కొడుకు పట్నంలో ఇల్లు అద్దెకడిగితే ఏం చేస్తుందన్నది కూడా రాయాలి కదా.

బెండిగో డ్రాగన్ కథలో ఆ రెండో సగం 1901లో కనిపిస్తుంది. ఆ ఏడాది మే నెలలో ఆస్ట్రేలియా కాలనీలన్నీ కలిసి ఒక దేశమైన సందర్భంగా మెల్‌బోర్న్‌లో మొదటి పార్లమెంటు ప్రారంభోత్సవాలు జరిగాయి. చీనావాళ్ళు కూడా ఊరేగింపు తీశారు. బెండిగో నుంచి లూంగ్ కూడా వెళ్ళింది, కొత్త దేశానికి సలాం చెప్పడానికి. ఆ ఏడాది తిరక్కుండానే, డిసెంబరులో, అదే పార్లమెంటు వలసల నియంత్రణ చట్టం చేసింది. వైట్ ఆస్ట్రేలియా విధానానికి అది పునాది రాయి. డ్రాగన్‌కు వీధి దొరికింది. డ్రాగన్ కింద నడిచిన కాళ్ళకు గడప దొరకలేదు.

ఆ చట్టం ఎక్కడా చీనావాళ్ళు రావద్దని రాయలేదు. అదే దాని తెలివి. దేశంలోకి వచ్చేవాడికి అధికారి ఏదో ఒక యూరప్ భాషలో 50 మాటలు డిక్టేషన్ చెబుతాడు. తప్పు లేకుండా రాయాలి. భాష ఎంచుకునేది అధికారి. నీకు ఇంగ్లీషు వస్తే ఇంకో భాషలో చెబుతాడు. 1934లో ఎగాన్ కిష్ అనే యూరప్ జర్నలిస్టు వచ్చాడు. యుద్ధానికి, ఫాసిజానికి వ్యతిరేకంగా మాట్లాడేవాడు. ఆయనకు చాలా భాషలొచ్చు. ఆయన్ను ఆపడానికి స్కాట్లండ్‌లోని గేలిక్ భాషలో డిక్టేషన్ చెప్పారు. కోర్టు తర్వాత దాన్ని కొట్టేసింది. ఆయన పేరున్నవాడు కాబట్టి కోర్టుకెక్కగలిగాడు. పేరు లేని చీనావాడు తిరుగు ఓడెక్కాడు. ఈ పరీక్ష 1958 దాకా బతికింది. వైట్ ఆస్ట్రేలియా విధానం ఆనవాళ్ళు 1973కు గానీ పోలేదు.

భాషతో మనిషిని ఆపడం మాకు తెలియంది కాదు. మా ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు. రెండింటిలోనూ రాసి పొట్ట పోసుకుంటున్నాం. ఇరవై ఏళ్ళకు పైగా తెలుగు పత్రికల్లో పనిచేశాక కూడా, "మీరు తెలుగు భలే మాట్లాడతారే!" అనే మెచ్చుకోలు మాకు నెలకొకటి వస్తుంది. మెచ్చుకున్నవాడికి చెడు ఉద్దేశం ఉండదు. కానీ ఆ మాటలో ఒక పరీక్ష పెట్టడమూ, పాస్ చేయడమూ రెండూ జరిగిపోయాయి. ఎప్పుడు రాశామో మాకే తెలియదు.

ఇక్కడ తెలుగు భాష సంగతి ఒకటి చెప్పాలి. ఉర్దూలో 'హమ్' ఒక్కటే మాట. వింటున్నవాడు అందులో ఉన్నాడా లేడా అన్నది సందర్భాన్ని బట్టి తెలుసుకోవాలి. తెలుగులో అలా కుదరదు. 'మేం' అంటే నువ్వు లేవు, 'మనం' అంటే నువ్వున్నావు. నోరు తెరిచిన ప్రతిసారీ తేల్చి చెప్పాల్సిందే. ఓసారి హైదరాబాద్‌లో ఇంటికోసం ఫోన్ చేశాం. ఇంటాయన చాలాసేపు మాట్లాడాడు. మంచినీళ్ళు, కరెంటు, పిల్లల స్కూలు, అన్నీ చెప్పాడు. "మన ఇంటి నుంచి బస్‌స్టాప్ రెండు నిమిషాలండీ" అన్నాడు. చివర్లో పేరడిగాడు. చెప్పాం. ఒక్క క్షణం ఆగి, "మేం ఫ్యామిలీలకే ఇస్తామండీ" అన్నాడు. మా ఇంట్లో భార్యాబిడ్డలున్నారని అంతకుముందే చెప్పి ఉన్నాం. మనం కాస్తా మేం కావడానికి పట్టిన సమయం ఒక పేరు పలికినంతసేపు.

బెండిగో కూడా ఈ సర్వనామం దగ్గరే తడబడింది. అది నూట యాభై ఏళ్ళ కిందటి సంగతి కాదు. 2014లో బెండిగోలో ఒక మసీదు కట్టుకోవడానికి ఊరి కౌన్సిల్ అనుమతి ఇచ్చింది. అక్కడున్న ముస్లింలు కొద్దిమంది. డాక్టర్లు, చదువుకునే పిల్లలు, ఉద్యోగాల మీద వచ్చినవాళ్ళు. వెంటనే గొడవ మొదలైంది. అనుమతికి మద్దతిచ్చిన కౌన్సిలర్ ఇంటికి నల్ల బెలూన్లు కట్టారు. 2015లో ఊరి బయట నుంచి కూడా జనం బస్సుల్లో వచ్చి జెండాలు పట్టుకుని ఊరేగారు. డ్రాగన్ నడిచిన వీధులే అవి. కేసు ఒక్కో మెట్టే ఎక్కి దేశపు హైకోర్టు దాకా వెళ్ళింది. అక్కడ అదే అన్నిటికంటే పై కోర్టు. 2016 జూన్‌లో అది అభ్యంతరాలను వినడానికి నిరాకరించింది. 2019లో శంకుస్థాపన పనులు మొదలయ్యాయి.

ఇందులో ఇంకో సగం కూడా ఉంది, దాన్ని దాచడం న్యాయం కాదు. అదే ఊళ్ళో వ్యాపారులూ, మామూలు జనమూ కలిసి 'బిలీవ్ ఇన్ బెండిగో' అనే పేరుతో మసీదు వైపు నిలబడ్డారు. పసుపు రంగు వాళ్ళ గుర్తు. మేం అక్కడ మాట్లాడిన ఒక ముసలావిడ, "మా ఊరికి డ్రాగన్ ఉంది, మాకు ఇది కొత్తా?" అంది. డ్రాగన్ ఆమెకు సాక్ష్యంగా పనికొచ్చింది. అదే డ్రాగన్‌ను చిన్నప్పటి నుంచీ చూసి చప్పట్లు కొట్టినవాళ్ళు కొందరు అటు వైపు కూడా నిలబడి ఉంటారు. పండుగ చూసినంత మాత్రాన పొరుగువాడు అర్థమైపోడు. పండుగ ఒక అవకాశం ఇస్తుంది, అంతే. దాన్ని వాడుకున్నవాళ్ళూ ఉంటారు, వాడుకోనివాళ్ళూ ఉంటారు.

ఇక్కడే మాకొక భయం పట్టుకుంది. చీనావాళ్ళు 25 వేలున్నప్పుడు బెండిగోకూ విక్టోరియాకూ ప్రమాదంగా కనిపించారు. చట్టాలు వాళ్ళను కొన్ని వేలకు కుదించాక ముచ్చటగా కనిపించారు. లెక్క తగ్గాకే ప్రేమ పెరిగిందా? న్యూ సౌత్ వేల్స్‌లో బ్రోకెన్ హిల్ అనే గనుల పట్నం ఉంది. అక్కడ 19వ శతాబ్దం చివర్లో రేకులతో కట్టిన చిన్న మసీదు ఉంది. ఒంటెల మీద ఎడారిలోకి సరుకు మోసిన మనవాళ్ళు కట్టుకున్నది. అఫ్గాన్లని పిలిచారు గానీ బలూచీలు, పంజాబీలు, సింధీలు కూడా ఉన్నారందులో. రైలు పట్టాలకూ తంతి స్తంభాలకూ సామాను మోసింది ఆ ఒంటెలే. 1903 చట్టం వాళ్ళకూ పౌరసత్వం లేదు పొమ్మంది. లారీలొచ్చాక ఒంటెలు అక్కర్లేకపోయాయి, మనుషులూ అక్కర్లేకపోయారు. ఆ మసీదు ఇప్పుడు మ్యూజియం. శుభ్రంగా ఉంచారని విన్నాం. కానీ నమాజు చేసేవాళ్ళు వెళ్ళిపోయాక మసీదును కాపాడటానికీ, వాళ్ళుండగా కట్టనివ్వడానికీ చాలా తేడా ఉంది. మొదటిదానికి చందా చాలు. రెండోదానికి చోటివ్వాలి.

మరి గోల్డెన్ డ్రాగన్ మ్యూజియం ఈ రెంటిలో ఏది? ఆలోచిస్తే మాకొక జవాబు దొరికింది. దాన్ని ఎవరో దయతలచి పెట్టలేదు. రసెల్ జాక్ అని బెండిగో చీనా కుటుంబంలో పుట్టినాయన, ఆయన భార్య జోన్, మరికొందరు కలిసి ఏళ్ళ తరబడి వస్తువులు వెతికి పోగేశారు. ఇళ్ళ అటకల మీద, చెక్కపెట్టెల్లో మూలుగుతున్నవి. కొత్త దేశంలో సిగ్గుతో దాచుకున్నవీ ఉంటాయి వాటిలో. పిల్లలు తెల్లపిల్లల్లా కనబడాలని తల్లులు తీసి లోపల పెట్టినవి. బీరువా మీద రాసే మాటలో 'వాళ్ళు' అని ఉండాలా 'మేం' అని ఉండాలా అన్నది వస్తువులు పోగేసినవాడి చేతిలో ఉంటుంది. పైగా ఆ మ్యూజియంలోని డ్రాగన్ చచ్చిన వస్తువు కాదు. ప్రతి ఈస్టర్‌కూ పెద్ద డ్రాగన్ వీధిలోకొస్తుంది. దాన్ని మోయడానికి పదుల కొద్దీ మనుషులు కావాలి. చీనావాళ్ళొక్కరే చాలరు. ఊరు కూడా కింద దూరాల్సిందే. 1970లో సన్ లూంగ్ వచ్చినప్పుడు ముసలి లూంగ్‌ను బయటికి తెచ్చి, కొత్తదాన్ని నిద్ర లేపించారట. పాతది కొత్తదాన్ని లేపడం! అలాంటి మాట మ్యూజియం అయితేనే చెప్పగలదు.

ఇంకో సంగతి మమ్మల్ని మరీ కదిలించింది. డిక్టేషన్ చట్టం రోజుల్లో, ఆస్ట్రేలియాలో పుట్టిన చీనావాడైనా సరే, చైనాకు వెళ్ళి తిరిగి రావాలంటే మినహాయింపు పత్రం తీసుకోవాలి. దాని మీద ఎదురు నుంచి ఒక ఫొటో, పక్క నుంచి ఒక ఫొటో, అరచేతి ముద్ర. దొంగలకు తీసినట్టు. అవమానం కోసం చేసిన ఆ కాగితాలు వేల కొద్దీ ఇవాళ ఆస్ట్రేలియా జాతీయ పత్రాగారంలో భద్రంగా ఉన్నాయి. మునిమనవళ్ళు వెళ్ళి తాత మొహం మొదటిసారి చూసేది వాటిలోనే. 2017లో విక్టోరియా ప్రీమియర్ డేనియల్ ఆండ్రూస్ ఆ పది పౌండ్ల పన్నుకు పార్లమెంటు ముందు చీనా సమాజానికి క్షమాపణ చెప్పాడు. రోబ్ నుంచి మళ్ళీ నడిచి వచ్చిన వారసులు ఎదురుగా నిలబడి విన్నారు. క్షమాపణకు 162 ఏళ్ళు పట్టింది. ఆ కాగితాలు, ఆ దారి, ఆ వస్తువులు ఎవరో ఒకరు దాచి ఉంచబట్టే అదైనా జరిగింది.

2019 డిసెంబరులో పౌరసత్వ సవరణ చట్టం వచ్చినప్పుడు మా ఇళ్ళల్లో ట్రంకుపెట్టెలు తెరిచారు. రేషన్ కార్డు, స్కూలు సర్టిఫికెట్, దాదా పేరున్న ఏదో ఒక ముక్క. మేం ఆ రోజుల్లో ఒక్కటి గమనించాం. కాగితం ఉంటే చూపించడానికే వెతికాం గానీ, కాగితంలో ఏముందో చదవడానికి వెతకలేదు. నిజాం కాలపు దస్తావేజులు చాలా ఉర్దూలో ఉన్నాయి. మా పిల్లలకు ఆ లిపి రాదు. ఖబరస్తాన్‌లో రాళ్ళ మీద పేర్లు చదివేవాళ్ళు ఊరికొకరు మిగిలారు. పీర్లు వద్దు, బిద్‌అత్ అని మా కుర్రాళ్ళే అంటున్నారు. నమ్మకం వాళ్ళిష్టం. కానీ కొట్టం కూల్చే ముందు ఆ పీర్ల మీద చెక్కిన పేర్లయినా రాసిపెట్టుకోండి అంటున్నాం. తర్వాత ఇంకెవరో వచ్చి, అక్కడ అసలేమీ లేదంటారు.

మాకు పెద్ద భవనం అక్కర్లేదు. జిల్లాకొక గది చాలు. విల్లు, మలారం, నాలాలు, కత్తెర, అమ్మీల పాందాన్లు, తెలుగులో పాడిన పీర్ల పాటల టేపులు. నవాబుల కత్తులు సాలార్‌జంగ్‌లోనే ఉండనివ్వండి. ఆ గది ప్రభుత్వం పెట్టదు. పెట్టినా పేరు పలక మీద ఏం రాయాలో మనల్ని అడగదు. దూదేకులు, మెహతర్లు, ఖురేషీలు, సయ్యదులు అనే మా లోపలి గోడలు కూడా ఆ గదిలో కనిపించాలి. వాటిని దాచితే అది ఇంకో నవాబుల మ్యూజియమే అవుతుంది.

ఆ గదిలో మొదట పెట్టాల్సిన వస్తువు మా దగ్గరకు ఈ మధ్యే వచ్చింది. మెదక్ వైపు నుంచి ఒక యాదవ రైతు తాత నాటి భూమి దస్తావేజు తెచ్చాడు. ఉర్దూలో ఉంది, ఊళ్ళో చదివేవాళ్ళు లేరు, చదివిపెట్టమన్నాడు. చదివాం. అమ్మినవాడు ముస్లిం, కొన్నవాడు అతని తాత. సాక్షులు నలుగురు, ఇద్దరు వాళ్ళు, ఇద్దరు మావాళ్ళు. నలుగురివీ వేలిముద్రలే. తెలుగులో రాసిచ్చాం. ఆయన మడిచి జేబులో పెట్టుకుంటూ, "ఇంతకాలం ఇది మీ భాష కాగితం అనుకున్నం సార్, మన కాగితమే" అన్నాడు. ఒక నకలు మా దగ్గర ఉంచుకోవచ్చా అని అడిగాం. ఉంచుకోమన్నాడు.